చూడకుండా రాసిన ఇరవై ఎనిమిది

ఇరవై ఎనిమిది.

పదేళ్ళుగా ఈ అంకెను మోస్తున్నాను. బస్సు టికెట్టు మీద కనిపించినా, పిల్లల పుస్తకంలో పేజీ చివర కనిపించినా ఒక్క క్షణం నా చెయ్యి ఆగిపోతుంది. ఒక రోగి కార్డు మీద ఆ అంకె రాసింది నేనే. నా చేతిరాతే. కాని చూసి రాయలేదు.

నా పేరు ఇక్కడ చెప్పడం లేదు. పేరు దాచుకుని చెప్పేది ఏం ఒప్పుకోలు అని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగాను. పేరు తెలియాల్సిన వాళ్ళకు తెలుసు. మీకు జరిగింది తెలిస్తే చాలు. మధ్యలో ఆపకుండా, అయ్యో అనకుండా, పోనీలే అని తేల్చేయకుండా వినే మనిషి ఒకరు కావాలనిపించింది. ఆ మనిషి మీరనుకుని రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది నిజామాబాద్. మా అమ్మ, అవ్వ అని పిలిచేవాళ్ళం, బీడీలు చుట్టేది, అన్న సైకిళ్ళ దుకాణంలో పనిచేసేవాడు. నేను డిచ్‌పల్లి ఆస్పత్రిలో రెండేళ్ళు రక్తం స్లయిడ్లు చూడటం నేర్చుకుని, బోధన్‌లో ఒక చిన్న ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేయడానికి చేరాను. వరండా చివర ఒకే కిటికీ ఉన్న గది నాది. కరెంటును నమ్ముకోలేం కాబట్టి మైక్రోస్కోపును ఆ కిటికీ పక్కన పెట్టి, దాని కింది అద్దాన్ని తిప్పుకుంటూ ఎండ వెలుతురుతోనే చూసేదాన్ని. వేలి కొస నుంచి ఒక బొట్టు రక్తం తీసి, గాజుపలక మీద పలచగా పూసి, ఆరాక ఊదా రంగు మందు పోసి కడిగితే, ఎర్ర కణాల మధ్య అక్కడక్కడ తెల్ల కణాలు రంగెక్కి బయటపడతాయి. వాటిలో ఏ రకం ఎన్ని ఉన్నాయో వంద దాకా లెక్కపెట్టి రాయాలి. ఆ పని నాకు చాలా ఇష్టం. ఇది కూడా మీకు తెలియాలి. నేను చేసింది చేతకాక చేసిన పొరపాటు కాదు.

ఆ ఏడాది చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగ్ మొదలైన రోజుల్లోనే జ్వరం వచ్చింది. అప్పటికే బొంబాయిలో ఉందని, హైదరాబాదులో ఉందని, దేశదేశాలు తిరుగుతోందని చెప్పుకునేవాళ్ళు. చాలామందికి నాలుగు రోజులు ఒళ్ళు విరిచి, దగ్గు మిగిల్చి పోయేది. కొందరికి మాత్రం ఐదో రోజో ఆరో రోజో ఊపిరితిత్తుల్లోకి దిగేది. చెరుకు నరకడానికి నాందేడ్ వైపు నుంచి ఆలుమగలు కలిసి వచ్చేవాళ్ళు. పొలాల పక్కనే చెరుకు ఆకు కప్పిన గుడిసెల్లో ఇరుక్కుని పడుకునేవాళ్ళు. ఒక గుడిసెలో ఒకరు దగ్గితే వారం తిరిగేసరికి ఆ వరుసంతా దగ్గేది. మా మంచాలు నిండిపోయి వరండాలో చాపలు వేశాం. ఆక్సిజన్ సిలిండర్లు రెండే ఉన్నాయి. ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అన్నది రోజూ తేల్చుకోవాల్సిన సంగతి అయిపోయింది.

తేల్చాల్సింది మా డాక్టర్ సాబ్. బోధన్‌లోనే పాత కుటుంబం వాళ్ళది. అప్పటికి యాభై దాటాయి. ఎవరి మీదా గొంతు లేపేవారు కాదు. నన్ను బేటీ అని పిలిచేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన నా గదికి వచ్చి రోగుల కార్డులన్నీ బల్ల మీద పరిచారు. బాగయి ఇళ్ళకు పోయినవాళ్ళవి ఒక పక్క, ముదిరినవాళ్ళవి ఒక పక్క. ఇద్దరం వంగి చూశాం. తెల్ల కణాల్లో లింఫోసైట్లని ఒక రకం ఉంది. చిన్నవి, గుండ్రంగా ఉంటాయి, లోపలంతా ముదురు ఊదా. బాగున్న మనిషిలో వందకు ఇరవై అయిదు, ముప్ఫై దాకా కనిపిస్తాయి. జ్వరం ముదిరినవాళ్ళలో అవి మాయమవుతున్నాయి. పది, ఎనిమిది, అయిదు. కోలుకునేవాళ్ళలో మళ్ళీ వస్తున్నాయి. ముందుగా కొన్ని పెద్దవి, చుట్టూ నీలి అంచుతో వస్తాయి. వాటి వెనక మామూలువి. పోయినవి ఎక్కడికి పోతున్నాయో, చచ్చిపోతున్నాయో, ఊపిరితిత్తుల్లోకి చేరుతున్నాయో మా ఇద్దరికీ తెలియదు. పెద్ద ఊళ్ళలో చదువుకున్నవాళ్ళకు తెలుసేమో. మాకు మాత్రం అది కళ్ళముందు జరుగుతున్న సంగతి.

“జొరం అబద్ధమాడుతది బేటీ,” అన్నారు ఆయన. “తగ్గినట్టు తగ్గి మోసం చేస్తది. గివి అబద్ధమాడవు. జొరం తగ్గినా గివి తిరిగి రాలేదంటే ఆ మనిషిని ఇంటికి పంపొద్దు.”

ఆ మాట తన నోటుపుస్తకంలో ఒక పేజీ మీద రాసుకున్నారు. ఆ రోజు నుంచి ప్రతి రోగికీ రోజూ ఒక స్లయిడు. ఆయన పన్నెండు గంటలకు మంచాల చుట్టూ తిరిగేలోపు అంకెలు కార్డుల మీద ఉండాలి. రెండు వారాలు అలా చేశాం. మా చేతుల్లో ఒక చిన్న దారి దొరికిందని ఇద్దరికీ లోలోపల సంతోషంగా ఉండేది. నిజం చెప్పాలంటే కాస్త గర్వం కూడా. డిచ్‌పల్లిలో నేర్చుకున్న ఒక బీడీ కార్మికురాలి కూతురు చూసి చెప్పిన అంకెను పట్టుకుని డాక్టరు మనుషులను ఉంచడమో పంపడమో చేస్తున్నాడు. ఆ గర్వానికి తగినట్టు నేను ఉన్నానా?

ఆ ఆదివారం మా అక్క కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి అందరూ కందకుర్తికి పోతున్నారు. గోదావరిలో మంజీర కలిసేచోట స్నానాలు చేసి, అక్కడే వండుకుని తినడం. మా వాళ్ళు నిజామాబాద్ నుంచి వచ్చే బస్సు పదకొండు గంటలకు బోధన్‌లో ఆగుతుంది. అది తప్పితే ఇంక పోయినట్టే. డాక్టర్ సాబ్‌ను ముందురోజే అడిగాను. “కార్డులు రాసిపెట్టి పో బేటీ, రెండు వారాలాయె నువ్వు ఇంటోళ్ళ ముఖం చూసి,” అన్నారు.

పొద్దున్నే వచ్చాను. పదకొండు స్లయిడ్లు. అన్నింటికీ రంగు వేసి ఆరబెట్టాను. ఒక్కొక్కటి చూస్తూ పోయాను. ఎనిమిది స్లయిడ్లు అయ్యేసరికి టైము పదిన్నర దాటింది. తెల్ల కణాలు తక్కువగా ఉన్న స్లయిడు మీద వంద వెతుక్కోవాలంటే చాలాసేపు పడుతుంది. ఇంకా మూడు ఉన్నాయి.

మూడు కార్డులూ ముందు పెట్టుకున్నాను. ముగ్గురికీ ముందురోజు సాయంత్రానికి జ్వరం తగ్గింది. ఒక్క రోజులో ఏం మారుతుంది, జ్వరం తగ్గినవాళ్ళకు గుండ్రటివి పెరుగుతూనే ఉన్నాయి కదా, రెండు వారాలుగా చూస్తున్నాను కదా, ఈ ముగ్గురికీ అంతే ఉంటుంది, వచ్చాక చూసి సరిచేస్తాలే అనుకున్నాను. ఒక దాని మీద ఇరవై నాలుగు వేశాను. ఒక దాని మీద ఇరవై రెండు. మూడో దాని మీద ఇరవై ఎనిమిది. అన్నీ ఒకేలా ఉంటే బాగుండదని ఆ మూడో అంకెను కొంచెం పెంచాను. ఆ జాగ్రత్త కూడా తీసుకున్నాను. చూశారా?

జ్వరం తగ్గినా కణాలు రానివాళ్ళను పట్టుకోవడానికే ఆ లెక్క. నేను జ్వరాన్ని చూసి కణాల లెక్క రాశాను. ఆ పని మొత్తం ఎందుకు పెట్టుకున్నామో అదే నా చేతులతో తీసేశాను. అప్పుడు నాకు ఇది తట్టలేదా? తట్టింది. తట్టినా లేచి చీర సర్దుకుని బస్సుకు పోయాను.

ఆ రోజు చాలా బాగా గడిచింది. పిల్లవాడు గుండుతో నవ్వుతూ నీళ్ళలో కాళ్ళు కొట్టాడు. అవ్వ ఎన్నాళ్ళకో పనిలేకుండా కూర్చుంది. నేను ఆ స్లయిడ్ల సంగతి ఒక్కసారి కూడా తలచుకోలేదు.

ఇరవై ఎనిమిది కార్డు సఖూబాయిది. నాందేడ్ వైపు మనిషి, నా వయసే ఉంటుంది. భర్త మారుతితో కలిసి ఏటా చెరుకు నరకడానికి వచ్చి వచ్చి మా తెలుగు నేర్చుకుంది. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు కూడా, వేలికి సూది గుచ్చబోతే తనే చెయ్యి చాపి, రంగు వేశాక తన రక్తం ఎలా ఉంటుందో చూపించమని అడిగేది. ఒకసారి చూపించాను. “చెరుకు తోట లెక్క లేదు, మక్క చేను లెక్క ఉన్నది,” అంది, కణాలు మొక్కజొన్నలా ఎడంగా కనిపించి.

సోమవారం పొద్దున నేను వచ్చేసరికి ఆమె మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నమే డాక్టర్ సాబ్ కార్డు చూసి ఇంటికి పంపారట. మారుతి వచ్చి తీసుకుపోయాడట.

ఆ మూడు స్లయిడ్లూ తీశాను. మొదటి రెండూ నేను రాసినదానికి దగ్గరగానే ఉన్నాయి. మూడోది పెట్టాను. లెక్కపెట్టాను. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఆరు. నీలి అంచుది ఒక్కటీ లేదు.

ఇక్కడ ఆగి మీకు ఒక మాట చెప్పాలి. నా అసలు తప్పు ఆదివారం నాటిది కాదు. ఆదివారంది తొందర, నిర్లక్ష్యం. సోమవారం పొద్దున పది గంటలకు నాకు నిజం తెలుసు. వాళ్ళ గుడిసెలు ఊరి బయట, రెండు మైళ్ళు కూడా లేవు. డాక్టర్ సాబ్ గది నా గదికి ఇరవై అడుగుల దూరం. స్లయిడు చేత్తో పట్టుకుని ఆ తలుపు దాకా వెళ్ళాను. లోపల ఆయన ఎవరి వీపు మీదో చెవి గొట్టం పెట్టి వింటున్నారు. నిలబడ్డాను. ఆయన తల ఎత్తలేదు. వెనక్కి వచ్చేశాను.

తర్వాత చెబుదాం అనుకున్నాను. భోజనాల తర్వాత. సాయంత్రం. ఆమెకు జ్వరం లేదు కదా, ఇంటికి పోయి రొట్టెలు చేసుకుంటూ ఉంటుందేమో, నేను పోయి గొడవ చేసి పిలిపిస్తే ఆమె బాగానే ఉంటే నా సంగతి అనవసరంగా బయటపడుతుంది అని ఒకసారి, బాగా లేకపోతే వాళ్ళే వస్తారు కదా అని ఒకసారి, ఇలా నాకు నేను చెప్పుకున్న ప్రతి మాటలోనూ ఆమె పేరు వాడుకుని నన్ను నేను కాపాడుకున్నాను. ఆ రోజంతా చెప్పలేదు. ఇదీ నేను దాచింది.

మంగళవారం పొద్దున ఆమెను బండిలో పడుకోబెట్టి తెచ్చారు. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతోంది. ఉన్న రెండు సిలిండర్లలో ఒకటి ఆమెకు పెట్టారు. అరగంట తర్వాత డాక్టర్ సాబ్ ఆమె కార్డు పట్టుకుని నా గదికి వచ్చారు.

“బేటీ, ఆదివారం స్లయిడు నువ్వే చూసినవా?”

“చూసిన సాబ్.”

“మంచిగ చూసినవా? ఇరవై ఎనిమిది?”

“చూసిన సాబ్.”

ఆయన నా ముఖం వైపు కూడా చూడలేదు. అనుమానంతో అడిగిన ప్రశ్న కాదది. తనను తాను సరిచూసుకోవడానికి అడిగారు. కార్డును తిప్పి తిప్పి చూసి, “అయితే నా లెక్కే తప్పు,” అన్నారు. “నేనే ఎక్కువ అనుకున్న. గింత చిన్న ఆస్పత్రిల కూసొని ఏదో కనిపెట్టిన అనుకున్న.”

ఆ సాయంత్రం ఆయన నోటుపుస్తకంలో ఆ పేజీ మీద అడ్డంగా గీత గీస్తుంటే చూశాను. మర్నాటి నుంచి రోజూ స్లయిడ్లు వద్దన్నారు.

సఖూబాయివి మాత్రం నేను ఎవరూ చెప్పకుండానే చూస్తూ వచ్చాను. రోజూ. ఆరు, నాలుగు, మళ్ళీ నాలుగు. ఆమె మంచం పక్కన మారుతి నేల మీద కూర్చుని ఉండేవాడు. తినమంటే తినేవాడు కాదు. నేను సూది పట్టుకుని వస్తే మాత్రం లేచి ఆమె చెయ్యి పట్టుకునేవాడు. ఏడో రోజున స్లయిడు మీద ఒక మూల నీలి అంచుతో పెద్ద కణం ఒకటి కనిపించింది. తర్వాత ఇంకొకటి. నేను కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాను. మర్నాడు తొమ్మిది. ఆ తర్వాత పదిహేను. అప్పటికి ఆమె గంజి తాగుతోంది. నేను జీవితంలో ఇన్ని స్లయిడ్లు చూశాను, అంత అందమైనది ఇంకోటి చూడలేదు.

ఆ అంకెలు తీసుకెళ్ళి చూపిస్తే డాక్టర్ సాబ్‌కు తన లెక్క తప్పు కాదని తెలిసేది. చూపించలేదు. నాలుగు నుంచి పదిహేనుకు వచ్చిన దాన్ని చూపిస్తే, మరి ఆదివారం ఇరవై ఎనిమిది ఎలా వచ్చిందన్న ప్రశ్న వస్తుంది. ఒక అబద్ధం కాపాడుకోవడానికి ఒక నిజాన్ని దాచాను. ఆ నెలలోనే ఫ్యాక్టరీలో పాకం కాచే దగ్గర పనిచేసే ఒక పెద్దమనిషిని జ్వరం తగ్గిందని ఇంటికి పంపారు. నాలుగు రోజులకు ఆయన పోయాడని కబురొచ్చింది. లెక్క ఆగకుండా ఉంటే ఆయనను ఆపేవాళ్ళమా? ఆపినా బతికేవాడా? తెలియదు. ఎన్నటికీ తెలియదు. ఆయన ముఖం కూడా నాకు సరిగ్గా గుర్తు లేదు.

కొద్దిరోజులకే అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం మొదలైంది. బస్సులు ఆగాయి, ఊరి ధ్యాస అటు మళ్ళింది. జ్వరం కూడా పోయింది. మరుసటి ఏడు డాక్టర్ సాబ్ హైదరాబాదుకు వెళ్ళిపోయారు. నాకు పెళ్ళయింది, నిజామాబాద్ వచ్చేశాను, ఇద్దరు పిల్లలు. పరీక్షల పని మానలేదు. ఆ రోజు తర్వాత చూడకుండా ఒక్క అంకె రాయలేదు. ఇది గొప్పగా చెప్పడం లేదు. ఆ తర్వాత ఎంత సరిగ్గా చేసినా ఆ ఒక్కదాన్ని అది చెరపదు.

సఖూబాయి బతికింది గాని మళ్ళీ చెరుకు నరకలేకపోయింది. పది అడుగులు గట్టిగా వేస్తే ఆయాసం. సీజను అయ్యాక వాళ్ళ గుంపంతా ఊరికి పోయింది, వీళ్ళిద్దరూ బోధన్‌లోనే ఆగిపోయారు. మారుతి మార్కెట్లో బస్తాలు మోసే పనికి కుదిరాడు. ఆమె బస్టాండు దగ్గర కూర్చుని జొన్నరొట్టెలు చేసి అమ్మేది. బోధన్ పోయినప్పుడల్లా నేను బస్సు దిగి అవతలి సందులోంచి నడిచేదాన్ని.

పోయిన ఏడు డాక్టర్ సాబ్ నిజామాబాద్ వచ్చారు. జిల్లాలో పరీక్షల పని చేసేవాళ్ళందరినీ ఒక బడి హాల్లో కూర్చోబెట్టి పెద్ద డాక్టర్లతో మాట్లాడించారు, వాళ్ళలో ఆయనొకరు. ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఒక గంట మాట్లాడి, చివర్లో తన సొంత తప్పు ఒకటి చెబుతానన్నారు. బోధన్‌లో ఉండగా జ్వరం వచ్చినవాళ్ళ రక్తంలో ఏదో కనిపెట్టాననుకుని, దాన్ని నమ్ముకుని ఒక చెరుకు కూలి ఆడమనిషిని ఇంటికి పంపానని, ఆమె చావు దాకా పోయి వచ్చిందని, తొందరపడి ఏదీ నమ్మొద్దని, ఆమె ముఖం ఇప్పటికీ మరిచిపోలేదని చెప్పారు.

నేను మూడో వరుసలో కూర్చున్నాను. నా తప్పును ఆయన తన పేరు మీద, అంతమంది ముందు, సిగ్గుపడకుండా చెప్పారు. నేను ఎవరికీ చెప్పలేనిది.

హాలు బయట మెట్ల మీద ఆయనను ఆపాను. గుర్తుపట్టి నవ్వారు. నేను నవ్వలేదు. మొత్తం చెప్పాను, సోమవారంతో సహా. ఆయన కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుని విన్నారు.

“చూడకుంట రాసినవి ఎన్ని?”

“మూడే సాబ్. తక్కినవన్నీ చూసిన.”

“నిజం లెక్క ఎంత ఉండె?”

“ఆరు.”

“ఆరు,” అన్నారు తనలో తాను. ఒక్క క్షణం ఆయన ముఖం వెలిగింది. అది నేను చూశాను. తాను చూసింది నిజమే. ఆ వెంటనే ఆ వెలుగుకు ఆయనే సిగ్గుపడ్డట్టు ముఖం పక్కకు తిప్పుకున్నారు. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు.

“ఆమెకు చెప్పినవా?”

“లేదు సాబ్.”

“నాకు చెప్పుడు అల్కనే బేటీ, ఆమెకు చెప్పుడే కష్టం,” అని మెట్లు దిగి వెళ్ళిపోయారు. బేటీ అన్నారు గాని ఆ పిలుపులో పాత చనువు లేదు.

మూడు వారాలకు ఆయన నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. కుశల ప్రశ్నలు లేవు. బోధన్‌లో సఖూబాయివి నేను చూసిన మిగతా అంకెలు గుర్తున్నంత వరకు రాసి పంపమన్నారు. హైదరాబాదులో ఇద్దరు చిన్న డాక్టర్లకు చెప్పానని, వచ్చే చలికాలం అలాంటి జ్వరాలు వస్తే మళ్ళీ చూద్దామని, ఈసారి వంద కణాలు చాలవని, రెండు వందలు లెక్కపెట్టాలని, ఇద్దరు మనుషులు విడివిడిగా లెక్కపెట్టాలని రాశారు. ఆ చివరి మాట నా గురించే. న్యాయమే. ఆ కార్డు నాలుగుసార్లు చదువుకున్నాను. ఆగిపోయిన పని ఒకటి మళ్ళీ కదిలింది, అది చాలు అనిపించింది. కాని అది చాలదని ఆయన ముందే చెప్పారు కదా.

ఒక శుక్రవారం బోధన్ బస్సు ఎక్కాను. ఈసారి అవతలి సందులోకి పోలేదు.

సఖూబాయి పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతోంది. నేను ఎవరో చెప్పగానే గుర్తుపట్టింది. పక్కన గోనెపట్టా వేసి కూర్చోమంది. చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. రొట్టె పెనం మీద వేసింది, తిప్పింది, తీసింది. ఇంకో ముద్ద తీసుకుంది.

“గిన్ని దినాలు ఎందుకు జెప్పలే?” అంది.

“భయమైంది.”

“నా గురించా?”

“కాదు, నా గురించే.”

ఆమె చాలాసేపు పిండి పిసికింది. “గా పది దినాలు నాకు ఏం యాదికి లేదు బాయీ. బండెక్కింది యాదికున్నది, గంజి తాగింది యాదికున్నది. నడుమ అంత సూసింది మారుతి. గాయినకు జెప్పు. నాకు జెప్పినట్టు గాదు, మొత్తం జెప్పు. నాలుగింటికి వస్తడు.”

రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. ఆమె నన్ను పొమ్మనలేదు. మధ్యలో రొట్టెలు కొనేవాళ్ళు వస్తూ పోతూ ఉన్నారు. కొంచెం గట్టిగా మాట్లాడితే ఆమెకు ఊపిరి అందడం లేదు. ప్రతిసారీ ఆ శబ్దం వింటూ కూర్చున్నాను.

మారుతి భుజం మీద తువ్వాలతో వచ్చాడు. గోడకు ఆనుకుని కూర్చుని విన్నాడు. ఆదివారం సంగతి చెప్పాను. సోమవారం సంగతి చెప్పాను. డాక్టర్ సాబ్ తలుపు దాకా పోయి వెనక్కి వచ్చిన సంగతి చెప్పాను. కోపం వస్తుందని అనుకున్నాను. తిడతాడని, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను కింద నేలను చూస్తూ నోరు విప్పాడు.

“గా దినం ఆమెను నేనే తోల్కపోయిన. చెద్దరు ఒక్కటే ఉండె. తొవ్వల గాలి బాగ కొట్టింది. పొద్దుగూకేదాక ఆగితే పక్క గుడిసెల ఇంకో చెద్దరు దొరుకుతుండె. నేనే ఆగలే. గా గాలికే తిరగబెట్టిందనుకున్న.” భుజం మీది తువ్వాల చేతిలోకి తీసుకున్నాడు. “పదేండ్ల సంది గదే అనుకుంటున్న.”

నేను అతని ఎదురుగా జరిగాను. తర్వాత చెప్పాను. “గాలి కాదన్నా. అప్పటికే ఆమెకు లోపల బాగ లేకుండె. ఆమెను పంపకుండా ఉండాల్సింది. పంపేటట్టు రాసింది నేను. నువ్వు రెండు చెద్దర్లు కప్పినా అంతే అవుతుండె.”

“ఒట్టు?”

“నా కండ్లతోని చూసిన అన్నా. సోమవారం రెండు మార్లు లెక్కపెట్టిన.”

అతను సఖూబాయి వైపు తిరిగి మరాఠీలో ఏదో అన్నాడు. నాకు ఆ మాత్రం మరాఠీ వస్తుంది. గాలి వల్ల కాదట, అన్నాడు. ఆమె పొయ్యిలోని కట్టెను వెనక్కి లాగి, నేనెన్నడన్నా అన్నానా, అంది అదే భాషలో. అతను తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. ఆమె లేచి, మెల్లగా నడిచి, వెళ్ళి అతని పక్కన కూర్చుంది.

నేను దాచింది నా ఒక్కదాని బరువే అనుకున్నాను. నా తప్పు, నా శిక్ష, నేనే మోస్తున్నాను అని అందులో కూడా కాస్త గొప్ప చూసుకున్నానేమో. నేను నోరు మూసుకుని ఉన్నన్నాళ్ళూ ఒక డాక్టరు తనను తాను నమ్మలేదు, ఒక భర్త ఒక దుప్పటి గురించి కుమిలిపోయాడు. నేను మోయని భాగం వాళ్ళు మోశారు.

వెళ్ళడానికి లేచాను. క్షమించమని అడగలేదు. అడిగితే వాళ్ళు ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది కూడా వాళ్ళకు పెట్టదలచుకోలేదు. మారుతి తువ్వాల తీసి, “బస్సు ఉన్నదా?” అని అడిగాడు. ఉందన్నాను. సఖూబాయి నా వైపు చూడలేదు. మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది. ఆమెకు నా మీద కోపం ఉందని నాకు తెలుసు. ఉండాలి కూడా. ఆమె ఊపిరి ఆమెకు తిరిగి రాదు.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. రోడ్డుకు రెండు పక్కలా కొత్తగా నాటిన చెరుకు, మోకాలెత్తు, లేత ఆకుపచ్చగా ఉంది. పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ కాసేపు నన్ను చూసి, “యాడికి పోయొస్తున్నవు బిడ్డా?” అంది.

“ఒక మాట చెప్పేదుండె అవ్వా.”

“చెప్పినవా?”

“చెప్పిన,” అన్నాను.